ట్రాబాంట్: మెకానిక్ దొరకని దేశంలో ఓనర్లే మెకానిక్‌లు

జర్మన్ కారు అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? జూబ్లీహిల్స్ రోడ్డు మీద పోయే బెంజో, బీఎండబ్ల్యూనో. ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకునేది ఇంకో జర్మన్ కారు గురించి. దీని ఇంజన్ 26 హార్స్‌పవర్. చాలా మోడళ్ళలో పెట్రోల్ ఎంతుందో చూపించే మీటర్ కూడా ఉండదు. బుక్ చేసుకుంటే చేతికి రావడానికి పదేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పట్టేది. పేరు ట్రాబాంట్. అప్పటి తూర్పు జర్మనీ కారు. 1957 నుంచి 1991 దాకా 30 లక్షలకు పైగా తయారయ్యాయి.

ఈ కారు మీద జోకులు బోలెడున్నాయి, అవి మీకు ఎక్కడైనా దొరుకుతాయి. నాకు ఆసక్తిగా అనిపించింది వేరే విషయం. ఇంత సామాన్యమైన కారు, స్పేర్ పార్టులు సరిగ్గా దొరకని దేశంలో, ఒక్కోటి ఇరవై, పాతికేళ్ళు ఎలా నడిచింది? నడిపించింది ఫ్యాక్టరీ కాదు, ఓనర్లు.

ముందు ఊరి గురించి కొంచెం చెప్పాలి. సాక్సనీ ప్రాంతంలో జ్వికావ్ అని ఒక పట్టణం. ఆగస్ట్ హార్ఖ్ అనే ఇంజనీరు 1909లో తన సొంత కంపెనీ నుంచి బయటికొచ్చి రెండో కంపెనీ పెట్టింది ఇక్కడే. మొదటి కంపెనీకి ఇంటిపేరు పెట్టేశాడు కాబట్టి మళ్ళీ అదే పేరు వాడుకోవడానికి లేదు. జర్మన్‌లో హార్ఖ్ అంటే 'విను' అని అర్థం. దాన్నే లాటిన్‌లోకి మారిస్తే వచ్చింది ఆడి. అవును, ఆ ఆడియే! రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జ్వికావ్ సోవియట్ల చేతిలోకి వెళ్ళింది, ఫ్యాక్టరీలు ప్రభుత్వపరం అయ్యాయి. ఆ షెడ్లలోనే ట్రాబాంట్ పుట్టింది. ఉక్కు రేకుకి కరువు. అందుకని సోవియట్ యూనియన్ నుంచి వచ్చే పత్తి వ్యర్థాన్ని రెసిన్‌తో కలిపి, వేడి చేసి, ప్రెస్సులో ఒత్తి బాడీ ప్యానెళ్ళు చేశారు. దాన్ని డ్యూరోప్లాస్ట్ అంటారు.

పదేళ్ళ వెయిటింగ్ అంటే మనలో చాలామందికి నమ్మబుద్ధి కాదు. ఇంట్లో తాతయ్యనో పెదనాన్ననో అడగండి, బజాజ్ చేతక్ కోసం ఎన్నేళ్ళు ఆగారో చెప్తారు. తూర్పు జర్మనీలో పిల్లాడికి 18 ఏళ్ళు నిండగానే వాడి పేరు మీద కూడా కారు బుక్ చేసేవాళ్ళు. వాడిన కారు కొత్తదానికంటే ఎక్కువ ధర పలికేది, ఎందుకంటే అది వెంటనే దొరుకుతుంది కదా. ఇలాంటి చోట కారు పాడైతే 'ఇంకోటి కొందాంలే' అనే మాటే రాదు. ఉన్నదాన్నే బతికించుకోవాలి. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే అక్కడా క్యూ. పార్టు రాలేదంటారు, నెలలు ఆగమంటారు.

ఇప్పుడు బానెట్ ఎత్తుదాం. లోపల రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజన్, దాదాపు 600 సీసీ. నీళ్ళ రేడియేటర్ లేదు, గాలితోనే చల్లబడాలి. పెట్రోల్ పంపు లేదు, ట్యాంకు ఇంజన్ పక్కనే పైన ఉంటుంది, పెట్రోల్ దానంతటదే కిందికి దిగుతుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే మూత తీసి పుల్ల ముంచి చూడాలి. అయిపోతే రిజర్వ్‌లోకి తిప్పడానికి ఒక ట్యాప్ ఉంటుంది. మన పాత స్కూటర్లు తెలిసినవాళ్ళకి ఇదంతా సొంత బండిలాగే ఉంటుంది. ఆయిల్ కూడా పెట్రోల్‌లోనే కలపాలి, మొదట్లో 33 పాళ్ళకి 1, తర్వాత 50 పాళ్ళకి 1.

ఈ ఆయిల్ దగ్గరే అసలు చిక్కు ఉంది, ఓనర్లు ఒకరికొకరు నేర్పుకున్న విద్య కూడా ఇక్కడే ఉంది. ఘాట్ రోడ్డు దిగుతున్నారనుకోండి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తారు. చక్రాలు ఇంజన్‌ని జోరుగా తిప్పుతూనే ఉంటాయి, కానీ పెట్రోల్ దాదాపు ఆగిపోతుంది. పెట్రోల్ రాకపోతే ఆయిలూ రాదు! ఇంజన్ పొడిగా తిరిగి పిస్టన్ పట్టేస్తుంది. అందుకని నాలుగో గేరులో ఫ్రీవీల్ పెట్టారు. సైకిల్ తొక్కడం ఆపినా చక్రం తిరుగుతూ పోతుంది చూశారా, అలా. ఇంజన్ బతికింది, బాగానే ఉంది, కానీ ఇంజన్ బ్రేకింగ్ పోయింది. భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి. మరి ఏం చేయాలి? మూడో గేరుకి దిగాలి, మధ్యమధ్యలో ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కి వదలాలి, కాస్త ఆయిల్ లోపలికి వెళ్తుంది. ఇలాంటివి పక్కన కూర్చున్నవాడు చెప్తేనే కాలికి అలవాటవుతాయి.

ఇంకో చిట్కా బాగా పేరున్నది. కూలింగ్ ఫ్యాన్‌ని తిప్పే బెల్టు తెగిపోతే ఇంజన్ కాసేపట్లోనే కాలిపోతుంది. కొత్త బెల్టు చేతిలో లేదు. అప్పుడు ఆడవాళ్ళు వేసుకునే నైలాన్ మేజోడు తీసి, బెల్టులాగా చుట్టి ముడేసి, మెల్లగా ఇల్లు చేరేవాళ్ళు. అక్కడ నైలాన్‌ని నైలాన్ అనరు, డెడెరోన్ అంటారు. దేశం పేరులోని డీడీఆర్ అక్షరాలతో చేసిన పేరు అది. దేశం పేరున్న దారంతో దేశం కారుని లాక్కొచ్చేవాళ్ళన్నమాట.

ఈ చిట్కాలన్నీ నోటి మాటగానే ఉండిపోలేదు. 'నాకు నేనే ఎలా సాయం చేసుకోవాలి' అనే అర్థం వచ్చే పేరుతో అక్కడ ఒక రిపేరు పుస్తకాల సిరీస్ ఉండేది, ట్రాబాంట్‌కి కూడా ఒకటి వచ్చింది. 'నేను ట్రాబాంట్ నడుపుతాను' అని ఇంకో పుస్తకం. ఇవి దొంగచాటుగా అచ్చేసినవి కావు, ప్రభుత్వ ప్రచురణ సంస్థలవి! నాకైతే ఇది ఒక ఒప్పుకోలులా కనిపిస్తుంది. మేం సర్వీస్ ఇవ్వలేం, మీరే చేసుకోండి అని సర్కారు అచ్చులో చెప్పినట్టే కదా. వాటిలో బొమ్మలతో సహా వివరంగా ఉండేది: పాయింట్ల మధ్య సందు ఎంత పెట్టాలి, ఒక్కో సిలిండర్‌కి ఒక్కో జత పాయింట్లు ఉంటాయి కాబట్టి రెండింటినీ ఎలా సరిచూసుకోవాలి, ఇంజన్ ఎలా దించాలి. ఇంజన్ తేలికైనది, ఇద్దరు మనుషులు చేతులతో ఎత్తేయగలరు.

ఈ పుస్తకాలు అన్నేళ్ళు ఎందుకు పనికొచ్చాయో ఆలోచించండి. ట్రాబాంట్ 601 మోడల్ 1964లో వచ్చింది, 1990 దాకా దాదాపు అదే ఆకారంలో వచ్చింది. జ్వికావ్ ఇంజనీర్లకి చేతకాక కాదు. 1960ల్లో పీ603 అని కొత్త కారు తయారు చేస్తే 1968లో పైనుంచి ఆపేశారు. తర్వాత పీ610, దాన్నీ 1979లో ఆపేశారు. డబ్బు లేదన్నారు. ఆ ఇంజనీర్ల జీవితాలు తలుచుకుంటే బాధేస్తుంది. కానీ దీనికి ఇంకో వైపు ఉంది. డిజైన్ కదలకపోవడం వల్ల 1965లో తండ్రి నేర్చుకున్నది 1985లో కొడుక్కి పనికొచ్చింది. పాత బండి పార్టు చాలావరకు కొత్త బండికి సరిపోయింది. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినన్నాళ్ళూ రెండేళ్ళు నిలబడిన డాక్యుమెంటేషన్ చూడలేదు, ఇక్కడ 26 ఏళ్ళ బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ!

అయితే దీన్ని మరీ అందంగా చూపించడం నాకు ఇష్టం లేదు. 'పాత రోజుల్లో అందరూ ఒకరికొకరు సాయం చేసుకునేవాళ్ళు' అని ఇప్పుడు చెప్పుకోవడం తేలిక. షాపులో సైలెన్సర్ వచ్చిందని తెలిస్తే, అవసరం లేనివాడు కూడా కొని ఇంట్లో దాచేవాడు, రేపు మార్పిడికి పనికొస్తుందని. అందరూ దాచడంతో కరువు ఇంకా పెరిగేది. కౌంటర్ కింద దాచిపెట్టి తెలిసినవాళ్ళకే అమ్మే సరుకుకి, 'వంగి తీసే సరుకు' అనే అర్థంలో ఒక మాటే పుట్టింది. సలహా అందరికీ ఉచితమే, పార్టు మాత్రం పరిచయం ఉన్నవాడికే. ఇంట్లో పనిముట్లు పట్టే మనిషి లేని ముసలావిడ, చుట్టాలు లేని మనిషి ఏం చేయాలి? క్యూలో నిలబడాల్సిందే.

మార్పులు కూడా అవసరంలోంచే వచ్చాయి. పాత కార్లలో 6 వోల్టుల కరెంటు, హెడ్‌లైట్లు దీపాల్లా వెలిగేవి. 1980ల్లో ఫ్యాక్టరీ 12 వోల్టులకి మారాక, పాత బండ్లవాళ్ళు కూడా సొంతంగా మార్చుకున్నారు. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకున్నారు. హోటల్ గదులు దొరకవు కాబట్టి కారు పైకప్పు మీద గుడారం బిగించి, నిచ్చెనేసుకుని ఎక్కి పడుకున్నారు. డ్యూరోప్లాస్ట్ తుప్పు పట్టదు కదా అని మోసపోకూడదు. లోపలి చట్రం ఉక్కే. బయటికి నిగనిగలాడుతూ లోపల తినేసి ఉంటుంది. అందుకే కొనేముందు కింద పడుకుని సుత్తితో కొట్టి చూడమనేవాళ్ళు.

1989 నవంబర్ 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. పశ్చిమానికి పోతున్న ట్రాబాంట్ల వరసలు ప్రపంచమంతా టీవీలో చూసింది. 1990 జులై 1న పశ్చిమ జర్మనీ మార్కు తూర్పుకీ వచ్చింది. పదేళ్ళు ఆగి తెచ్చుకున్న కారుకి ఇప్పుడు విలువ లేదు. చాలామంది రోడ్డు పక్కన వదిలేసి, వాడిన ఫోక్స్‌వ్యాగన్, ఓపెల్ కొనుక్కున్నారు. ఇరవై ఏళ్ళు పట్టి నేర్చుకున్న విద్య ఒక్క వేసవిలో ఎవరికీ అక్కర్లేనిదైంది. ఫ్యాక్టరీలో చివరికి ఫోక్స్‌వ్యాగన్ పోలో ఇంజన్ పెట్టి చూశారు, అప్పటికే ఆలస్యం. 1991 ఏప్రిల్ 30న ఆఖరి కారు బయటికొచ్చింది.

అక్కడితో అయిపోలేదు. వదిలేసిన బండ్లని కొందరు ఏరుకున్నారు, క్లబ్బులు కట్టుకున్నారు. ఇప్పటికీ జ్వికావ్‌లో ట్రాబాంట్ల మేళా జరుగుతుంది. జర్మనీలో ఇంకా 30 వేలకు పైగా రిజిస్టర్ అయి ఉన్నాయి. 30 ఏళ్ళు దాటిన కారుకి అక్కడ నంబర్ ప్లేటు చివర హెచ్ అక్షరం ఇస్తారు, చారిత్రక వాహనం అని. అది ఉంటే పొగ వదిలే టూ స్ట్రోక్ బండి కూడా నగరాల్లోని పర్యావరణ జోన్లలోకి వెళ్ళొచ్చు. షరతు ఏంటంటే, కారు ఒరిజినల్‌గా ఉండాలి, లేదా చేసిన మార్పులు ఆ కాలానివి అయి ఉండాలి. పైకప్పు గుడారం, 12 వోల్టుల మార్పు అప్పట్లో ఓనర్లు చేసుకునేవారనడానికి సాక్ష్యం కావాలంటే పాత రిపేరు పుస్తకాలే తిరగేయాలి. గ్రీజు మరకలున్న ఆ కాపీల కోసం ఇప్పుడు గోడ కూలాక పుట్టినవాళ్ళు పాత పుస్తకాల షాపుల్లో వెతుకుతున్నారు.