ఊరికన్నా దస్త్రం పెద్దదైన రోజులు

ఈ ఆగస్టు 25కు లినక్స్ కెర్నల్‌కు 35 ఏళ్లు. ఆ వారం పత్రికలన్నీ హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో చేసిన ప్రకటన గురించీ, పెంగ్విన్ బొమ్మ గురించీ రాస్తాయి. రాయనీయండి. నాకు మాత్రం ఆ కెర్నల్ కడుపులో దాగిన ఒక లెక్కల పుస్తకం మీద ఎప్పటినుంచో మమకారం. దాని పేరు మెమ్‌మ్యాప్. ఊళ్లో ప్రతి సర్వే నంబరుకూ పహాణీలో ఒక వరుస ఉన్నట్టు, మెమరీలో ప్రతి 4 కేబీల ముక్కకూ ఇందులో ఒక నమోదు ఉంటుంది. ఆ ముక్కను పేజీ అంటారు, నమోదును స్ట్రక్ట్ పేజ్ అంటారు. ఈ పేజీ ఎవరి అనుభవంలో ఉంది, ఎందరు పంచుకుంటున్నారు, అందులోని మార్పులు డిస్కుకు చేరాయా లేదా అన్నీ అక్కడే రాసి ఉంటాయి. చిక్కల్లా ఒక్కటే. ఈ పహాణీ రాయడానికి వేరే కాగితం లేదు, ఆ ఊరి పొలంలోనే రాసుకోవాలి.

పాత కథ గబగబా చెప్పేస్తాను. మాంచెస్టర్‌లో 1962లో అట్లాస్ యంత్రం మొదలైనప్పుడు ఈ సమస్యే లేదు. దాని కోర్ మెమరీ 16 వేల పైచిలుకు పదాలు. వాటిని 512 చొప్పున విడదీస్తే 32 పేజీలు, పేజీకొకటి చొప్పున 32 రిజిస్టర్లు. లెక్కంతా హార్డ్‌వేరే చూసుకునేది. బెల్ ల్యాబ్స్‌లో 1969లో పుట్టిన యునిక్స్ తొలిరోజుల్లో పేజీల జోలికే పోలేదు. ప్రోగ్రామును మొత్తంగా డిస్కుకు తోసేయడం, మొత్తంగా వెనక్కి తెచ్చుకోవడమే దాని పద్ధతి. ఖాళీ చోట్ల చిన్న పట్టిక ఒకటి ఉంటే సరిపోయేది. 1979లో బర్కిలీలో బాబావోగ్లు, బిల్ జాయ్ వాక్స్ యంత్రం మీద యునిక్స్‌కు పేజీలు నేర్పారు. ఒక పేజీని ఈమధ్య ఎవరైనా వాడారా అని చెప్పే బిట్టు ఆ యంత్రంలో లేనే లేదు. వాళ్లు దాన్ని సాఫ్ట్‌వేర్‌తోనే నటింపజేశారు. కెర్నల్ తన చిన్న చిన్న అవసరాలకు మెమరీ పంచుకునేందుకు సన్ కంపెనీలో జెఫ్ బాన్విక్ 1994లో చేసిన స్లాబ్ పద్ధతి కూడా చెప్పుకోదగ్గదే కానీ, దానికి ఇంకో ఆదివారం కావాలి.

1991 చివర్లో వచ్చిన లినక్స్ 0.11లో మెమ్‌మ్యాప్‌ను చూస్తే ముచ్చటేస్తుంది. మొదటి మెగాబైటు పోగా నిర్వహించే మెమరీ గరిష్ఠంగా 15 ఎంబీ. అంటే 3,840 పేజీలు. పేజీకి ఒక్క బైటు. ఆ బైటులో ఉండేది ఒకే ఒక్క విషయం, ఆ పేజీని ఎందరు వాడుతున్నారన్న అంకె. మొత్తం దస్త్రం ఒక పేజీలో ఇమిడిపోయి ఇంకా కాస్త మిగిలేది.

ఇక నాకు ఇష్టమైన ఘట్టం.

1995లో ఇంటెల్ పెంటియం ప్రో తెచ్చింది. ప్రోగ్రాములకు కనిపించే చిరునామా 32 బిట్లే. పీఏఈ అనే కొత్త ఏర్పాటుతో మెమరీ చిప్పుల వైపు మాత్రం 36 బిట్లు. అంటే యంత్రంలో 64 జీబీ దాకా బిగించుకోవచ్చు, కానీ ఒక్కసారికి చూడగలిగేది 4 జీబీనే. అందులోనూ లినక్స్ 3 జీబీ ప్రోగ్రాములకిచ్చి 1 జీబీ తనకు ఉంచుకునేది. ఆ ఒక్క జీబీలోనూ ఇతర అవసరాలు పోగా కెర్నల్ నేరుగా, ఎప్పుడూ చెయ్యి చాచి అందుకోగలిగేది 896 ఎంబీ. దాన్ని లోమెమ్ అన్నారు. మిగిలిందంతా హైమెమ్. కావలసినప్పుడు తాత్కాలికంగా ఒక కిటికీ తెరిచి చూసి మూసేయాలి. 1999లో ఆండ్రియా అర్కాంజెలీ, సీమెన్స్‌కు చెందిన గెర్హార్డ్ విషెర్ట్ ఈ హైమెమ్‌కు పునాది వేశారు, ఇంగో మోల్నార్ దాన్ని 64 జీబీ దాకా లాక్కెళ్లారు.

అప్పట్లో మన ఇళ్లలో 128 ఎంబీ ఉన్న కంప్యూటరే గొప్ప. పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ నుంచి లినక్స్ ఎక్కించుకుని అదే మహాభాగ్యం అనుకున్న కాలం. పెద్ద డేటాబేసులు నడిపే బ్యాంకులకూ కంపెనీలకూ మాత్రం 64 జీబీ కావాల్సి వచ్చింది.

లెక్క వేయండి. 64 జీబీని 4 కేబీలతో భాగిస్తే 1,67,77,216 పేజీలు. అంటే నమోదులో ఒక్క బైటు పెంచితే దస్త్రం 16 ఎంబీ పెరుగుతుంది. నాలుగు బైట్ల పాయింటర్ ఒకటి అదనంగా పెడితే 64 ఎంబీ. నమోదు 56 బైట్లయితే దస్త్రం సరిగ్గా 896 ఎంబీ. దస్త్రం ఎప్పుడూ చేతికందేలా లోమెమ్‌లోనే ఉండాలి. అంటే లోమెమ్ మొత్తం దస్త్రానికే సరి, కెర్నల్ నిలబడే చోటు కూడా ఉండదు. 2001లో వచ్చిన 2.4 కెర్నల్ తొలి విడుదలల్లో ఆ నమోదు 56 బైట్లు దాటేది! మెమరీ ఎంత ఎక్కువ కొంటే కెర్నల్‌కు అంత ఊపిరాడని వింత అది.

అక్కడినుంచి రెండు మూడేళ్లపాటు సాగింది బైట్ల కోసం పోరాటం. నాకు ఆ పొదుపు మీద అమితమైన గౌరవం. ప్రతి పేజీ నమోదులోనూ ఆ పేజీకోసం ఎదురుచూసేవాళ్ల వరుస ఒకటి ఉండేది. నిజానికి ఏ క్షణాన చూసినా ఎవరైనా ఎదురుచూసే పేజీలు బహు తక్కువ. విలియం లీ ఇర్విన్ ఆ వరుసను నమోదులోంచి పీకేసి, చాలా పేజీలకు కలిపి ఒక హ్యాష్ పట్టిక పెట్టారు. పేజీ ఏ జోన్‌కు, అంటే లోమెమ్, హైమెమ్ లాంటి ఏ విభాగానికి చెందిందో చెప్పే పాయింటర్‌ను తీసేసి, ఆ సంగతిని ఫ్లాగుల్లో పైన ఖాళీగా ఉన్న బిట్లలో దాచారు. ఇలా గీకి గీకి 2.6 శ్రేణిలో 32 బైట్లకు దించారు. అప్పటికీ దస్త్రం 512 ఎంబీ. లోమెమ్‌లో సగానికి పైనే.

ఇంతలో ఇంకో ఖర్చు నెత్తినపడింది. ఒక పేజీని ఖాళీ చేయించాలంటే దాన్ని ఎవరెవరు వాడుతున్నారో తెలియాలి. 2002లో అభివృద్ధి కెర్నల్‌లోకి చేరిన రిక్ వాన్ రీల్ ఆర్‌మ్యాప్ పద్ధతి, పంచుకున్న ప్రతి పేజీకీ వాడుకదార్ల గొలుసు ఒకటి కట్టేది. వెయ్యి ప్రాసెస్‌లు 1 జీబీని పంచుకుంటున్నాయనుకోండి. ప్రోగ్రాము చిరునామా ఏ పేజీకి దారితీస్తుందో చెప్పే పేజీ టేబుళ్లకే 2 జీబీ. గొలుసులో ఒక్కో కొక్కేనికి నాలుగు బైట్లు వేసుకున్నా ఇంకో జీబీ. టేబుళ్లను హైమెమ్‌లోకి పంపే వీలుంది, గొలుసులు మాత్రం లోమెమ్‌లోనే ఉండాలి. ఉన్నదేమో 896.

పరిష్కారాలూ ఆ స్థాయిలోనే వచ్చాయి. ఇర్విన్ పేజీనే పెద్దది చేసి నమోదుల సంఖ్య తగ్గించబోయారు. ఆ పని కెర్నల్‌లో చేరనే లేదు, నాకది ఇప్పటికీ లోటుగానే ఉంటుంది. మోల్నార్ 2003లో మరీ సాహసం చేశారు. ప్రోగ్రాముకు 4 జీబీ, కెర్నల్‌కు వేరే 4 జీబీ ఇచ్చేశారు. అయితే కెర్నల్ గడప తొక్కిన ప్రతిసారీ పేజీ టేబుళ్లు మార్చాలి, వేగం పడిపోతుంది. అయినా రెడ్‌హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 3లో దాన్ని హ్యూజ్‌మెమ్ కెర్నల్ పేరుతో అమ్మింది. గొలుసుల బాధను డేవ్ మెక్‌క్రాకెన్, హ్యూ డికిన్స్, అర్కాంజెలీ తలా ఒక దారిలో వదిలించబోయారు. ఆనన్‌వీఎంఏ అనే అర్కాంజెలీ పద్ధతి గెలిచి 2004 జూన్‌లో 2.6.7లో చేరింది. అక్కడా అదే పొదుపు. నమోదులోని మ్యాపింగ్ పాయింటర్ ఫైలుదా, ఫైలు లేనిదా అన్న తేడాను ఆ పాయింటర్ చివరి బిట్టులో దాచారు.

ఇంత కష్టపడి గెలిచేసరికి పోరు జరిగిన చోటే మాయమైంది. ఏఎండీ 2003 ఏప్రిల్‌లో 64 బిట్ల ఆప్టెరాన్ తెచ్చింది, మరుసటి ఏడాది ఇంటెల్ అదే బాట పట్టింది. లోమెమ్ లేదు, హైమెమ్ లేదు, కిటికీలూ లేవు. పీఏఈ అంటే టోర్వాల్డ్స్ తన చిరాకును ఎన్నడూ దాచుకోలేదు కాబట్టి ఆయన సంతోషించే ఉంటారు.

అక్కడినుంచి కథకు ఒక దారంటూ లేదు. 64 బిట్లలో నమోదు 64 బైట్లకు స్థిరపడింది. ప్రాసెసర్ ఒక్కసారి తెచ్చుకునే క్యాష్ లైను కొలత కూడా అదే. 1 టీబీ యంత్రంలో దస్త్రం 16 జీబీ. శాతంలో ఒకటిన్నర, ఎవరికీ ప్రాణాల మీదికి రాలేదు. కానీ లేమిలో అలవాటైన పొదుపు పోలేదు. స్లాబ్‌కైనా, పేజీ టేబుళ్లకైనా, పరికరాల మెమరీకైనా అవే 64 బైట్లు, ఒకే చోటును వేర్వేరు అర్థాల్లో వాడుకునే యూనియన్ మీద యూనియన్ వేసి. ఏ బైటు ఎప్పుడు ఏ అర్థంలో ఉందో తెలియాలంటే కోడ్ మొత్తం చదవాలి. ఆనాటి బిట్ల దాపరికాలు కూడా అలాగే మిగిలాయి. అప్పుడు మెచ్చుకున్న తెలివే ఇప్పుడు కొత్తవాళ్లకు తలనొప్పి అని నా అభిప్రాయం. ఈ మాట నచ్చని పాతకాపులు ఉంటారు.

2018 జనవరిలో మెల్ట్‌డౌన్ లోపం బయటపడినప్పుడు కెర్నల్‌కూ ప్రోగ్రాముకూ వేర్వేరు పేజీ టేబుళ్లు పెట్టక తప్పలేదు. మోల్నార్ 4+4 ఉపాయానికి దగ్గరి చుట్టమే అది, ఈసారి చోటు కోసం కాదు, భద్రత కోసం. వేగం మాత్రం మళ్లీ తగ్గింది. 2021లో ముచున్ సాంగ్ పెద్ద పేజీల నమోదుల్లో ఒకేలా ఉండే భాగాలను వెనక్కి తీసుకునే పద్ధతి తెచ్చారు. పేజీల గుంపును ఒకే ముక్కగా చూసే మాథ్యూ విల్కాక్స్ ఫోలియో ప్రతిపాదన మీద నెలల తరబడి వాదాలు నడిచాయి, 2022 జనవరిలో 5.16తో విడుదలైంది. 2025 మేలో వచ్చిన 6.15లో, 32 బిట్ల ఇంటెల్ యంత్రాల మీద 64 జీబీ వాడే సదుపాయాన్నే తీసేశారు.

విల్కాక్స్ ఇప్పుడు చేయాలనుకుంటున్నది నమోదును 8 బైట్లకు కుదించడం. ఆ 8 బైట్లు ఒక పాయింటర్‌గా పనిచేసి, పేజీ ఏ పనిలో ఉందో ఆ పనికి తగ్గ వివరాలను వేరేచోట చూపిస్తాయి. 1 టీబీకి 16 జీబీ పోయే చోట 2 జీబీ చాలు, వేరే వివరాలకు అయ్యేది అదనం. స్లాబ్ 5.17లోనే వేరుపడింది, పేజీ టేబుళ్ల వివరాలు 6.6లో వేరు పేరు తెచ్చుకున్నాయి. మిగతా వాటాల పంపకం ఇంకా నడుస్తూనే ఉంది.