అమ్మమ్మ లెక్కలో ఆరుగురు

"ఎంతమందండీ పిల్లలు?" అని ఎవరడిగినా మా అమ్మమ్మ "ఆరుగురు" అనేది. "ఐదుగురమే కదమ్మా" అని పెద్దమావయ్య సరిదిద్దేవాడు. ఆవిడ వినేది కాదు. అమలాపురం దగ్గర పల్లెలో, 1950లలో, తొలి కాన్పులో మంత్రసాని చేతిలోకి వచ్చిన ఆడపిల్ల ఏడవలేదు. తెల్లారేలోగా తాతయ్య పాత చీరముక్కలో చుట్టి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పూడ్చేశారట. పసివాళ్ళకి దహనం లేదు, దినాలు లేవు. మునసబుగారి పుస్తకంలోనూ ఆ పిల్ల ఎక్కలేదు.

1995లో రాజమండ్రిలో నాకూ అదే జరిగింది. ఏడున్నర నెలలు. మత్తులోంచి తేలేసరికి అంతా అయిపోయింది. "మీరు తీసుకెళ్తారా, మమ్మల్నే చూసుకోమంటారా?" అని నర్సు అడిగితే, ఏం చెప్పాలో తెలియక మావారు ఏదో కాగితం మీద సంతకం పెట్టారు. నన్ను చూడ్డానికొచ్చిన అమ్మమ్మ మంచం పక్కన కూర్చుని ఒకటే అడిగింది: "ఎక్కడ పెట్టారే?" నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న పట్టుకుని ఈమధ్య చట్టాలు చదవడం మొదలుపెట్టాను. నాకు అర్థమైనంతలో చెప్తాను.

ఇలాంటి బిడ్డ గురించి మన పాత చట్టం మాట్లాడింది అనుమానంతో. 1860 నాటి శిక్షాస్మృతిలో 318వ సెక్షను ప్రకారం, బిడ్డ పుట్టిన సంగతి దాచాలని శవాన్ని రహస్యంగా పూడ్చినా, పారేసినా రెండేళ్ళ వరకు జైలు. బిడ్డ కాన్పుకి ముందే పోయినా సరే. సంసారుల ఇంట పెరట్లో పూడిస్తే దాచారని ఎవరనుకుంటారు? దాచుకోవాల్సిన అవసరం ముఖ్యంగా వితంతువులకే. 1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకి, పుట్టిన బిడ్డని చంపిందని ఉరిశిక్ష వేశారు. అప్పీలులో దాన్ని ద్వీపాంతరవాసంగా తగ్గించారు. అదే ఏడాది డిసెంబరు 11న మన రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పెళ్ళి విలువ నాకు కొత్తగా తెలిసొచ్చింది. ఆ 318 ఇప్పుడూ ఉంది, కొత్త న్యాయసంహితలో 94వ సెక్షనుగా.

లెక్క రాసుకునే చట్టాలు తర్వాత వచ్చాయి. మన జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉండగా 1899లో జనన మరణాల నమోదుకి ఒక చట్టం చేశారు. 1969లో దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది. అందులో ఒక చోట ఆగిపోయాను. 'జననం' అంటే ప్రాణంతో పుట్టడం గానీ, మృతశిశువుగా పుట్టడం గానీ. 'మరణం' అంటే ప్రాణంతో పుట్టాక పోవడం. అంటే చట్టం లెక్కలో నా బిడ్డ పుట్టింది, కానీ చనిపోలేదు! ఇరవై ఎనిమిది వారాలు నిండితే మృతశిశు జననంగా రాయాలి. అంతకు ముందు పోతే రిజిస్టరులో చోటు లేదు. ఇంగ్లండులో 1927 నుంచి ఇలాంటి నమోదు ఉంది, 1992 నుంచి అక్కడ హద్దు ఇరవై నాలుగు వారాలు.

మన దగ్గర దీనికి మూడో నంబరు ఫారం. నేను చూసిన ఫారంలో పుట్టిన తేదీ, ఆడా మగా, అమ్మానాన్నల పేర్లు, ఎన్ని వారాల గర్భం, ఎందుకు పోయింది అన్నీ ఉన్నాయి. బిడ్డ పేరుకే గడి లేదు.

మరి అంతకన్నా చిన్న పిండాలు? 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం, బయట బతికే దశకి రాని పిండం పసుపు సంచిలోకి వెళ్ళాలి. తర్వాత కాల్చడమో, లోతుగా పూడ్చడమో. రోగాలు ప్రబలకుండా అది అవసరమే, కాదనను. కానీ మూడు నెలలకే పేరు అనుకున్న తల్లికి 'వ్యర్థం' అన్న మాట ఎలా ఉంటుందో రాసినవాళ్ళకి తోచి ఉండదు.

మీ ఇంట్లోగానీ, చుట్టాల్లోగానీ ఇలా జరిగితే, తల్లి లేవలేని స్థితిలో ఉంటుంది కాబట్టి పక్కనున్న ఆడవాళ్ళే అడగాలి. ఇరవై ఎనిమిది వారాలు దాటితే ఆసుపత్రివాళ్ళే ఇరవై ఒక్క రోజుల్లో తెలియజేయాలి, పంపారా అని అడగండి. ఇంట్లో కాన్పైతే ఇంటి పెద్ద చెప్పాలి, పల్లెల్లో పంచాయతీ కార్యదర్శికి. ఉద్యోగం చేసే అమ్మాయికి గర్భస్రావమైతే చట్టం కింద ఆరు వారాల సెలవుంది, అదీ అడగండి. అన్నిటికన్నా ముందు, బిడ్డని ఒకసారి చూస్తావా అని తల్లిని అడగండి. నన్నెవరూ అడగలేదు.

1996 నవంబరు తుపానులో కోనసీమలో కొబ్బరిచెట్లు కూలిపోయినప్పుడు అమ్మమ్మ పెరట్లో చెట్టూ పడిపోయింది. ఇల్లు బాగుచేయించకముందే ఆవిడ అదే చోట ఇంకో మొక్క వేయించింది. అదిప్పుడు కాపు కాస్తోంది.