ఏడు తీగల పలకరింపు

గడివేములలో విడిభాగాలు తెచ్చుకుని ఇంట్లోనే కంప్యూటర్ బిగించుకోవాలంటే సామాను నంద్యాలలో దొరకాలి, లేదంటే కర్నూలు పోవాలి. అక్కడా లేకపోతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరే దిక్కు. ఈమధ్య కొరియర్‌లో ఇంటికే వచ్చేస్తోంది. ఏ దారిన వచ్చినా, అన్నీ బిగించి స్విచ్చి వేశాక తరచూ ఒక పేచీ వస్తుంది. ఫ్యాన్లు తిరుగుతాయి, తెర వెలుగుతుంది, బయాస్‌లోకి పోయి చూస్తే మాత్రం కొత్త డిస్క్ తగిలించిన పోర్టు ఎదురుగా ఖాళీ. "డిస్క్ పోయింది, మార్చుకో అబ్బీ" అని చుట్టుపక్కల తెలిసినవాళ్లు తేల్చేస్తారు. చాలాసార్లు డిస్క్ నిక్షేపంగా ఉంటుంది. పోర్టుకూ దానికీ మధ్య నడవాల్సిన మాట ఎక్కడో తెగి ఉంటుంది. ఆ మాటను ఎందుకు అలా కట్టారో తెలిస్తే, తెగిన చోటు పట్టుకోవడం తేలిక.

1984లో ఐబీఎం తెచ్చిన పీసీ ఏటీలో హార్డ్‌డిస్క్ వేరు, దాన్ని నడిపే కంట్రోలర్ కార్డు వేరు. ఆ కంట్రోలర్‌ను డిస్క్ ఒంటిమీదికే ఎక్కించాలన్న ఆలోచన వెస్టర్న్ డిజిటల్, కాంపాక్, కంట్రోల్ డేటా కంపెనీల మధ్య పుట్టి, 1986కల్లా కాంపాక్ కంప్యూటర్లలోకి వచ్చింది. మనం ఐడీఈ అని పిలిచిన పద్ధతి అదే. ప్రమాణాల పుస్తకంలోకి అది ఏటీఏ అన్న పేరుతో 1994లో ఎక్కింది. 40 పిన్నుల వెడల్పాటి రిబ్బన్ కేబుల్, దాని అంచున మొదటి పిన్ను గుర్తుకు రంగు చార. ఒకే కేబుల్ మీద రెండు డిస్క్‌లు. వాటిలో ఏది మాస్టరో ఏది స్లేవో వెనకున్న జంపర్‌తో మనమే చెప్పాలి. రెండింటికీ మాస్టర్ అని పెడితే ఒకటి మాయం, ఒక్కోసారి రెండూ మాయం. ఆ రోజుల్లో కనబడని డిస్క్ కథలు సగం ఆ గోరంత ప్లాస్టిక్ ముక్క దగ్గరే ముగిసేవి.

ఆ రిబ్బన్‌లో 16 బిట్లు పక్కపక్క తీగల మీద ఒకేసారి బయల్దేరి ఒకేసారి చేరాలి. వేగం పెరిగేకొద్దీ ఒక తీగలోది ముందు, ఇంకోదానిలోది వెనక. పైగా ఒకదాని సిగ్నల్ పక్కదానిలోకి చొరబడటం. దీనికి మందుగా తీగకూ తీగకూ మధ్య ఒక గ్రౌండ్ తీగ వేసి 80 తీగల కేబుల్ తెచ్చారు. సెకనుకు 133 మెగాబైట్ల దగ్గర ఆ బండి ఆగిపోయింది. కేబుల్ పొడవు అధికారికంగా 18 అంగుళాలు దాటకూడదు.

2000లో ఇంటెల్, ఐబీఎం, డెల్, సీగేట్, మ్యాక్స్‌టర్, క్వాంటం, ఏపీటీ కలిసి మరో దారి పట్టాయి. ఇంటెల్ ఇంజనీరు క్నుట్ గ్రిమ్స్‌రుడ్ ఆ పనిలో ముందు నిలిచాడు. 2001లో వచ్చిన సీరియల్ ఏటీఏ, అంటే సాటా, తీగల్ని ఏడుకు కుదించింది. పంపేందుకు ఒక జత, అందుకునేందుకు ఒక జత, మిగిలిన మూడూ గ్రౌండ్. ఒక పోర్టుకు ఒకే డిస్క్. మాస్టర్, స్లేవ్ గొడవ అక్కడితో సరి. ఆ తొలి సాటాలో బిట్లు ఒకదాని వెనక ఒకటి సెకనుకు 150 కోట్ల చొప్పున నడిచేవి. ప్రతి 8 బిట్లనూ 10గా మార్చి పంపే చిట్కాను ఐబీఎంకు చెందిన విడ్మర్, ఫ్రానాషెక్ 1983లోనే ప్రచురించారు. అందువల్ల చేతికొచ్చిన వేగం 150 మెగాబైట్లు.

సిగ్నల్ బలం అర వోల్టు అటూఇటూ. 1000 మెగావాట్ల సోలార్ పార్కులో భాగమైన గని ఊరు ఉన్న ఈ గడివేముల మండలంలోనే, కేబుల్ కొన కొంచెం వదులైతే ఈ అర వోల్టు అవతలికి చేరదు!

అసలు నేర్పంతా పలకరింపులో ఉంది. స్విచ్చి వేసిన క్షణాన డిస్క్ గడియారం, బోర్డు గడియారం ఒక లయలో ఉండవు. లయ కలవకుండా బిట్లు చదవలేరు. మరి మొదటి మాట ఎలా? దానికి సాటా రూపకర్తలు నిశ్శబ్దాన్ని వాడుకున్నారు. పోర్టు చిన్న చిన్న సిగ్నల్ గుచ్ఛాలు విసురుతుంది, ఒక్కోటి సుమారు 107 నానోసెకన్లు. గుచ్ఛానికీ గుచ్ఛానికీ మధ్య విరామం 320 నానోసెకన్లయితే "ఎవరైనా ఉన్నారా" అని అర్థం, 107 అయితే "లే, పని మొదలుపెడదాం" అని. గుచ్ఛంలో ఏముందో చూసే పనే లేదు, విరామం ఎంతో కొలిస్తే చాలు. వీధి తలుపు ఎన్నిసార్లు, ఎంత ఆగి తట్టారో విని వచ్చింది మనవాళ్లేనని లోపలివాళ్లు గుర్తుపట్టినట్టు. డిస్క్ బదులు పలికాక ఇద్దరూ వేగం కుదుర్చుకుంటారు, ఆపైన డిస్క్ తానెవరో చెప్పుకుంటుంది. బయాస్‌లో పేరు కనబడేది అప్పుడే.

కాబట్టి వెతుకులాటా ఇదే వరసలో సాగాలి. మొదట కరెంటు. చెయ్యి ఆనిస్తే హార్డ్‌డిస్క్ సన్నగా అదరాలి. అదురు లేకపోతే డేటా కేబుల్ జోలికి పోనక్కర్లేదు, 15 పిన్నుల పవర్ కనెక్టర్ చూడాలి. తిరుగుతోందంటే కేబుల్ మార్చాలి. తొలినాటి సాటా కేబుళ్లకు క్లిప్పు లేదు, రాపిడి మీదే నిలిచేవి, క్యాబినెట్ జరిపితే జారేవి. కేబుల్ మార్చినా పలకకపోతే పని చేస్తున్న డిస్క్‌ను ఆ పోర్టుకూ, ఈ డిస్క్‌ను పని చేస్తున్న పోర్టుకూ మార్చి చూడాలి. తప్పు ఎటువైపు ఉందో తేలిపోతుంది. బయాస్‌లో పేరు ఉండి విండోస్‌లో మాత్రం లేదంటే పోర్టు తన పని చేసేసింది. కొత్త డిస్క్ అయితే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఇనిషియలైజ్ చేయాలి. పాత డేటా ఉన్న డిస్క్ మీద ఆ బటన్ నొక్కొద్దు.

పోర్టుదే తప్పని తేలిన సందర్భాల్లో పెద్దది 2011 నాటిది. ఇంటెల్ ఆ జనవరిలో అమ్మకానికి పెట్టిన 6 సిరీస్ చిప్‌సెట్‌లో లోపం ఉందని అదే నెల 31న తానే ప్రకటించింది. 0, 1 పోర్టులకు ఢోకా లేదు. 2 నుంచి 5 దాకా ఉన్న నాలుగు పోర్టులూ కాలం గడిచేకొద్దీ బలహీనపడొచ్చు. వాటి గడియారపు వలయంలో ఒక ట్రాన్సిస్టర్‌కు వోల్టేజీ ఎక్కువై కరెంటు కారిపోవడం కారణం. ఆ ఒక్కదానికి వోల్టేజీ ఆపేస్తే చాలు! కానీ అది చిప్ లోపలిది, స్క్రూడ్రైవర్‌కు అందేది కాదు. మరమ్మతులకూ మార్పిడికీ ఇంటెల్ వేసుకున్న లెక్క 70 కోట్ల డాలర్లు. సెకండ్‌హ్యాండ్‌లో ఆ కాలపు బోర్డు కొనేవాళ్లు చిప్‌సెట్ లోపం సరిచేసిన బీ3 రకమో, పాత బీ2నో అడగడం ఇప్పటికీ మంచిదే.

ఇప్పుడు బిగించే బోర్డుల్లో ఆటంకం వేరు. 2013 నాటి 8 సిరీస్‌తో ఇంటెల్ కొన్ని హైస్పీడ్ దారుల్ని సాటాకైనా పీసీఐ ఎక్స్‌ప్రెస్‌కైనా వాడుకునేలా వదిలింది. అందుకే చాలా బోర్డుల్లో ఎం.2 ఎస్‌ఎస్‌డీ గుచ్చగానే ఏదో ఒకటో రెండో సాటా పోర్టులు మూగబోతాయి. ఏవో మాన్యువల్‌లో చిన్న అక్షరాల పట్టికలో రాసి ఉంటుంది. వారంటీ కాగితంతో పాటు దాన్నీ అట్టపెట్టెలోనే వదిలేసే అలవాటు మనది.

2016లో సాటా 3.3 మరో మార్పు తెచ్చింది. పవర్ కనెక్టర్‌లో మూడో పిన్ను అంతకుముందు 3.3 వోల్టులు మోసేది. ఇప్పుడు దాని మీద వోల్టేజీ ఉంటే "ఆగిపో" అని అర్థం. పాత ఎస్‌ఎంపీఎస్ ఆ వోల్టేజీ ఇస్తూనే ఉంటుంది, ఈ సదుపాయం ఉన్న కొత్త డిస్క్ కిమ్మనకుండా కూర్చుంటుంది. నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకు మార్చే మామూలు తీగలో 3.3 వోల్టుల దారే ఉండదు. అది మధ్యలో పెడితే డిస్క్ తిరగడం మొదలుపెడుతుంది.