నమ్మిన రోజేనా, ఆగి చూశాకనా? బాప్తిస్మం గురించి మన నేల చెప్పే చరిత్ర



మొఘల్‌పురా వైపు గదుల్లో ఉండి చదువుకుంటున్న మనవాళ్ల మధ్య ఒక ప్రశ్న పదే పదే వస్తోంది. యేసుని నమ్ముకున్నాక బాప్తిస్మం ఎప్పుడు తీసుకోవాలి? ఒక పాస్టర్‌గారు ఈ ఆదివారమే అంటారు, ఇంకొకరు ముందు ఆరు నెలలు పాఠాలు వినమంటారు. ఊళ్లో అమ్మానాన్నలేమో ఎస్టీ సర్టిఫికెట్ పోతుందేమో అని భయపడతారు. ఎవరు ఏ మతంలో ఉండాలో చెప్పడానికి ఈ పోస్టు రాయడం లేదు. ఈ ప్రశ్నకి మన తెలుగు నేల మీదే పెద్ద చరిత్ర ఉంది, అది తెలుసుకుని మాట్లాడుకుందాం.

బైబిల్లో అపొస్తలుల కార్యాలు చూస్తే ఆలస్యం కనబడదు. పెంతెకొస్తు నాడు దాదాపు మూడు వేలమంది అదే రోజు బాప్తిస్మం పొందారు. ఫిలిప్పీ జైలు అధికారి అదే రాత్రి పొందాడు. తర్వాతి శతాబ్దాల్లో పద్ధతి మారింది. సంఘంలో చేర్చుకునే ముందు నడవడి చూడాలని, చాలాకాలం బోధ వినిపించాలని నియమాలు వచ్చాయి. అగస్టీన్ 386లో మనసు మార్చుకుని 387 ఈస్టరుకి బాప్తిస్మం పొందాడు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి అయితే 337లో చనిపోయే ముందే తీసుకున్నాడు. అంటే క్రైస్తవుల్లోనే ఈ విషయంలో ఒకే మాట ఎప్పుడూ లేదు.

ఇక మన దగ్గరికొద్దాం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలుకి వచ్చారు. అప్పటికే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి తోళ్ల వ్యాపారం మీద తిరుగుతూ ఏలూరు వైపు సువార్త విని నమ్మాడు. దగ్గర్లో బాప్తిస్మం ఇచ్చేవాళ్లు లేక ఆగాడు. 1866లో తీసుకున్నాడు. ఆ తర్వాత తన జనం ఉన్న పల్లెలన్నీ తిరిగి చెప్పింది ఆయనే. ఒంగోలు ఉద్యమం దొర బంగళాలో పుట్టలేదు, మాదిగ పల్లెల్లో చుట్టరికాల వెంట పాకింది. ఇది మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

1876-78లో ధాత కరువు వచ్చింది. జనం ఆకలికి రాలిపోతున్నారు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని క్లౌ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. పనిచోట బోధకులు మాట్లాడేవారు, వినేవాళ్లు బాప్తిస్మం అడిగేవారు. ఆయన మాత్రం ఇవ్వలేదు. కూలి, గింజలు తన చేతి మీదుగా పోతున్నప్పుడు బాప్తిస్మం కూడా ఇస్తే, అడిగేది ఆకలో నమ్మకమో ఎలా తెలుస్తుంది? దాదాపు పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపేశారు.

1878లో కరువు సాయం ముగిసింది. ఇక పనీ లేదు, డబ్బూ లేదు అని చెప్పినా జనం వెళ్లలేదు. మాకు డబ్బొద్దు, సంఘంలో చేర్చుకోండి అన్నారు. అప్పుడు ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజుల్లో 3,536 మంది! ముందు ఒక్కో పల్లెవాళ్లని ఆ పల్లె ఎరిగిన బోధకులే ప్రశ్నించి పేర్లు రాశారు. 3వ తేదీన నీళ్లలో నిలబడింది కూడా తెలుగు బోధకులే. ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకున్నారు.

తిండి కోసం చేరారు అనే మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ మాటకి జవాబు ఆ పదిహేను నెలల్లోనే ఉంది. అయితే ఇంకో వైపు కూడా చూడాలి. ఆ కరువులో చనిపోయినవాళ్లలో నమ్మినా బాప్తిస్మం అందనివాళ్లు ఎందరుంటారు? పరీక్ష పెట్టేవాడి చేతిలో అధికారం ఉంటుంది, ఆగేవాడి చేతిలో ఏమీ ఉండదు.

మన లంబాడా, కోయ ఊళ్లకి దగ్గరగా ఉన్న డోర్నకల్‌లో 1912లో వి.ఎస్. అజరయ్యగారు బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత, తమ తల మీద చెయ్యి పెట్టుకుని సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవారు. బాప్తిస్మం ఆయనకి చదువు ముగింపు కాదు, పనికి మొదలు.

ఇప్పుడు సర్టిఫికెట్ సంగతి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు, క్రైస్తవులని చేర్చలేదు. అందుకే ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సి అవుతారు. నమ్మి కూడా బాప్తిస్మం రికార్డుకి వెనకాడే దళిత కుటుంబాల బాధ ఇదే. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో అలాంటి మతం షరతు లేదు. 2004లో కేరళ ప్రభుత్వం, చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేంటంటే, మతం మారినంత మాత్రాన తెగ హోదా పోదు. కానీ ఆ మనిషి తెగ ఆచారాల్లో ఉన్నాడా, తెగ తనవాడిగా చూస్తోందా అన్నది విచారించాలి. మారినవాళ్లని ఎస్టీ జాబితా నుంచి తీసెయ్యాలని కొన్ని సంఘాలు అడుగుతున్న ఈ రోజుల్లో ఇది ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి.

కాబట్టి మనకి తేదీ కన్నా ముఖ్యమైన ప్రశ్నలు రెండున్నాయి. ఫీజు, ఉద్యోగం, పెళ్లి లాంటి ఆశ ఏదీ లేకపోయినా ఈ అడుగు వేస్తామా? వేశాక కూడా తండాలో, గూడెంలో చావుకీ పెళ్లికీ మనవాళ్ల పక్కన నిలబడతామా? రెండిటికీ అవును అనగలిగినవాళ్లకి రేపైనా ఆలస్యమే. అనలేనివాళ్లని తొందరపెట్టే హక్కు ఏ పాస్టర్‌కీ లేదు, ఆపే హక్కు ఏ పెద్దమనిషికీ లేదు.

మీ ఊరి పెద్దలకి తెలిసిన సంగతులుంటే కింద రాయండి. మన చరిత్ర మనమే రాసుకుందాం.