గ్రహణం మళ్ళీ వస్తుంది, అదును రాదు

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. పనులన్నీ అయ్యాక, మంచం మీద నడుం వాల్చినప్పుడు చదువుకోండి.

2025 సెప్టెంబరు 7, ఆదివారం రాత్రి చంద్రగ్రహణం మీలో చాలామంది చూసే ఉంటారు. పది గంటలకు కాస్త ముందు పట్టడం మొదలై, పదకొండు దాటేసరికి చంద్రుడు మొత్తం ఎర్రబడ్డాడు. ఎనభై రెండు నిమిషాలు అట్టాగే ఉండి మెల్లగా విడిచాడు. మా డాబా మీద కూర్చుని చూస్తుంటే మా నాయన అన్నాడు: "నా చిన్నప్పుడు జంధ్యాల పున్నమికి ఇట్టాగే పట్టిందిరా. అర్ధరాత్రి దాటాక లేపి చూపించారు."

తీరిగ్గా లెక్క చూస్తే ఆయన చెప్పింది నిజమే. 1971 ఆగస్టు 6, శ్రావణ పున్నమి. గ్రహణం నడిమధ్యకు వచ్చింది మన గడియారం ప్రకారం రాత్రి ఒంటిగంటా పావు ప్రాంతంలో. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, అది వేరే గ్రహణం, ఇది వేరే గ్రహణం కాదు. రెండూ ఒకే కుటుంబం. ఒకే గ్రహణం తిరిగి వచ్చిందన్నా తప్పులేదు.

ఆ కుటుంబం సంగతి, దాన్ని కనిపెట్టినవాళ్ళ సంగతి, కనిపెట్టలేక చెడిపోయినవాళ్ళ సంగతి చెప్తాను. వినండి.

ముందు లెక్క. ఒక చంద్రగ్రహణం పట్టాక సరిగ్గా 223 పున్నములు లెక్కపెట్టండి. అంటే 18 ఏళ్ళ 11 రోజులు (మధ్యలో లీపు సంవత్సరాలు ఎక్కువ పడితే 10 రోజులు), పైన ఎనిమిది గంటలకు కాస్త తక్కువ. అప్పుడు అచ్చం అలాంటి గ్రహణమే మళ్ళీ పడుతుంది. దీన్ని సారోస్ చక్రం అంటారు.

ఎందుకట్టా? ప్రతి పున్నమికీ గ్రహణం పట్టదు గదా. చంద్రుడు తిరిగే దారి, సూర్యుడు మనకు కనపడే దారికి ఐదు డిగ్రీలు వాలుగా ఉంటుంది. ఆ రెండు దారులూ అడ్డంగా దాటుకునే చోట్లు రెండు. వాటికే మన పంచాంగంలో రాహువు, కేతువు అని పేర్లు. పున్నమి నాడు చంద్రుడు ఆ చోటు దగ్గరుంటేనే భూమి నీడలో పడతాడు. పున్నమి నుంచి పున్నమికి 29న్నర రోజులు. రాహువు దగ్గర నుంచి బయలుదేరి మళ్ళీ రాహువు దగ్గరికి రావడానికి 27 రోజుల చిల్లర. మనకు దగ్గరగా వచ్చి, దూరమై, మళ్ళీ దగ్గరికి రావడానికి 27న్నర రోజులు దాటుతుంది. మూడు లెక్కలు, మూడు రకాలు.

సంతకు ఒక వ్యాపారి నాలుగు రోజులకోసారి, ఇంకొకడు ఆరు రోజులకోసారి వస్తాడనుకోండి. ఇద్దరూ పన్నెండో రోజున కలుస్తారు. అట్టాగే ఈ మూడు లెక్కలూ 6585 రోజుల చిల్లరకు ఒకచోట కలుస్తాయి. 223 పున్నములు, 242 రాహువు చుట్లు, 239 దగ్గర-దూరం చుట్లు. అదే 18 ఏళ్ళ చక్రం.

మరి 18 ఏళ్ళకు కాకుండా మా నాయనకు 54 ఏళ్ళకు ఎందుకు కనపడింది? ఆ చివరి ఎనిమిది గంటల వల్ల. ఆ ఎనిమిది గంటల్లో భూమి మూడోవంతు తిరిగిపోతుంది. 1971 గ్రహణం 1989 ఆగస్టు 17న తిరిగొచ్చింది. అప్పుడు మనకు పొద్దున ఎనిమిదిన్నర దాటింది, చంద్రుడు కుంగిపోయాడు. 2007 ఆగస్టు 28న మళ్ళీ వచ్చింది. మనకు సాయంత్రం నాలుగు, చంద్రుడు ఇంకా పొడవలేదు. మూడోసారి, 2025లో, చుట్టు పూర్తయి మన రాత్రిలోకి వచ్చింది. వారబందీ నీళ్ళలాగా: మధ్యలో రెండు వంతులు వేరేవాళ్ళవి, మూడో వంతు మనది.

ఇలాంటి కుటుంబం ఒక్కటే కాదు, ఒకేసారి నలభై దాకా నడుస్తుంటాయి. 2018 జులై 27న పట్టిన గ్రహణం, ఈ శతాబ్దంలోనే అన్నిటికన్నా ఎక్కువసేపు, 103 నిమిషాలు సంపూర్ణంగా ఉన్నది, ఇంకో కుటుంబానిది.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. దీన్ని కనిపెట్టింది ఇప్పటి ఇరాక్ నేల మీద, యూఫ్రటీస్ నది ఒడ్డున బతికిన బాబిలోన్ వాళ్ళు. వాళ్ళూ మొదట భయపడినవాళ్ళే. చంద్రగ్రహణం పడితే రాజుకు చావు అని నమ్మేవాళ్ళు. దానికి వాళ్ళు, వాళ్ళ పొరుగు అస్సిరియా వాళ్ళు ఒక ఉపాయం చేసేవాళ్ళు. ఎవడో అనామకుణ్ణి తెచ్చి కొన్నాళ్ళు సింహాసనం మీద కూర్చోబెడతారు. కీడు వాడికి తగలాలని. గడువు తీరాక వాణ్ణి చంపేస్తారు. ఆ రోజుల్లో అసలు రాజు దాక్కుని ఉంటాడు. అస్సిరియా రాజు ఎసర్‌హద్దోన్‌కు అలాంటి సమయంలో వచ్చిన మట్టిపలకల ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో ఆయన్ను రాజా అని పిలవరు. ఏమని పిలుస్తారో తెలుసా? "రైతు" అని! రాజు ప్రాణం దాచుకోవాలంటే రైతు పేరు పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇంకా వెనక, ఇసిన్ అనే రాజ్యంలో ఒక తోటమాలిని ఇట్టాగే గద్దె ఎక్కించారట. ఈలోగా అసలు రాజు వేడి వేడి జావ తాగుతూ చచ్చిపోయాడు. తోటమాలి గద్దె దిగలేదు, వాడే రాజై ఏలాడు అని వాళ్ళ పలకలే చెప్తున్నాయి.

అంత భయపడిన జనం ఆ భయంలోంచి ఎట్టా బయటపడ్డారు? రాసిపెట్టుకుని. అంతే.

తడి మట్టిపలక మీద పుల్లతో గీసి, ప్రతి రాత్రీ ఆకాశంలో కనపడింది రాసేవాళ్ళు. అట్టా రాసిన దినచర్య పలకలు క్రీస్తుపూర్వం 652 నుంచి క్రీస్తుపూర్వం 61 దాకా దొరికాయి. దాదాపు ఆరు వందల ఏళ్ళు! ఆ పలకల్లో ఆకాశం ఒక్కటే లేదు. ప్రతి నెల చివర యవలు, ఖర్జూరం, ఆవాలు, నువ్వులు, ఉన్ని ధరలు ఉన్నాయి. ఒక షెకెల్, అంటే ఎనిమిది గ్రాముల చిల్లర వెండికి, ఎన్ని కొలతలు వస్తాయని. మన తాతలు రూపాయికి ఇన్ని శేర్లు అన్నట్టు. నదిలో నీళ్ళు ఎంత పెరిగాయి, ఎంత తగ్గాయి, వాన ఎప్పుడు పడింది, అన్నీ అదే పలకలో. చంద్రుడూ, మార్కెట్టూ, నీటిమట్టమూ ఒకే లెక్కల పుస్తకంలో పెట్టినవాళ్ళు వాళ్ళు.

ఏ ఒక్క మనిషీ తన జీవితంలో ఈ 18 ఏళ్ళ చక్రాన్ని నమ్మకంగా పట్టుకోలేడు. ఒక తరం రాసింది ఇంకో తరం చదివి, ఆ తరం రాసింది మనవళ్ళు చదివి, అప్పుడు బయటపడింది. తర్వాత వాళ్ళు గ్రహణాలను 18 ఏళ్ళ వరసలుగా పేర్చి, రాబోయేవి ముందే గుర్తుపెట్టుకోవడం మొదలుపెట్టారు.

ఆ లెక్క తెలియనివాళ్ళకు ఏమైందో చూడండి. క్రీస్తుపూర్వం 413లో గ్రీసు దేశపు ఏథెన్స్ సైన్యం సిసిలీ దీవిలో సిరాక్యూస్ నగరం మీదికి వెళ్ళి దెబ్బతిన్నది. ఇక ఓడలెక్కి తిరిగి పోదామని అంతా సిద్ధం చేసుకున్నారు. ఆగస్టు 27 రాత్రి చంద్రుడికి గ్రహణం పట్టింది. సోదెగాళ్ళు మూడు తొమ్మిదులు, ఇరవై ఏడు రోజులు కదలొద్దన్నారు. సేనాపతి నికియాస్ సరేనన్నాడు. ఆ ఆగడంలో శత్రువు రేవు ముఖద్వారం మూసేశాడు. ఓడలు పోయాయి. నేల దారిన పారిపోతూ వేలమంది చచ్చారు. పట్టుబడిన ఏడు వేలమందికి పైగా రాళ్ళ క్వారీల్లో పడి మగ్గారు. నికియాస్‌ను చంపేశారు. ఏథెన్స్ మళ్ళీ పాత బలానికి రాలేదు.

చంద్రుడు మాత్రం ఆ రాత్రే కొన్ని గంటల్లో మామూలైపోయాడు. పోయింది అదును. అదును పోతే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు రోజుల వాప ఉండగా విత్తనం పెట్టనోడు ఆ ఏడాదంతా అనుభవిస్తాడు.

లెక్క తెలిసినవాడు తెలియనివాణ్ణి ఎట్టా లొంగదీసుకుంటాడో ఇంకో కథ. 1503లో కొలంబస్ ఓడలు పురుగు తినిపోయి జమైకా దీవిలో చిక్కుకున్నాడు. అక్కడి జనం కర్రపెండలం పండించుకునే సేద్యగాళ్ళు. నెలల తరబడి తిండి పెట్టారు. తెల్లవాళ్ళ ఆగడాలు భరించలేక చివరికి ఆపేశారు. కొలంబస్ దగ్గర రెజియోమోంటానస్ అనే జర్మన్ లెక్కగాడి పంచాంగం ఉంది. 1504 ఫిబ్రవరి 29 సాయంత్రం గ్రహణమని అందులో ఉంది. మా దేవుడికి మీ మీద కోపమొచ్చింది, చంద్రుణ్ణి తీసేస్తున్నాడు అని బెదిరించాడు. అన్నట్టే చంద్రుడు ఎర్రబడ్డాడు. పాపం, వాళ్ళు ఏడుస్తూ తిండి మోసుకొచ్చారు. అక్కడ మాయ లేదు, దైవం లేదు. ఒకడి చేతిలో పుస్తకం ఉంది, ఇంకొకడి చేతిలో లేదు.

మన దగ్గర లెక్క లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. 499లోనే, ఇరవై మూడేళ్ళ వయసులో, ఆర్యభటుడు చంద్రగ్రహణమంటే భూమి నీడ అని రాశాడు. మనవాళ్ళు 18 ఏళ్ళ చక్రం పట్టుకుని కూర్చోకుండా, సూర్యుడు, చంద్రుడు, రాహువు ఏ రోజు ఎక్కడుంటారో నేరుగా లెక్కగట్టే పద్ధతి పెట్టారు. మన పంచాంగాల్లో పట్టు, విడుపు వేళలు వచ్చేది అట్టాగే.

జాన్ వారెన్ అనే తెల్లదొర 1825లో మద్రాసులో అచ్చయిన తన పుస్తకంలో ఒక సంగతి రాశాడు. పుదుచ్చేరిలో ఒక తమిళ పంచాంగకర్త నేల మీద గవ్వలు పరుచుకుని, కాగితం ముట్టకుండా, నోటికి వచ్చిన సూత్రాలతో ఆ ఏడాది మే నెలాఖరు చంద్రగ్రహణాన్ని లెక్కగట్టాడు. పట్టే వేళలో తేడా నాలుగు నిమిషాలు. విడుపు వేళలో తేడా ఇంకా ఎక్కువే వచ్చిందిలెండి. అయినా గవ్వలతో అంతవరకు రావడం మాటలా?

ఇక వాట్సాప్ సంగతి. వరసగా నాలుగు చంద్రగ్రహణాలు, మధ్యలో పాక్షికం లేకుండా నాలుగూ సంపూర్ణంగా పట్టడం ఒకటుంది. 2014 ఏప్రిల్, అక్టోబరు, 2015 ఏప్రిల్, సెప్టెంబరుల్లో అట్టాగే పట్టాయి. రక్తచంద్రులు, యుగాంతం అని దేశదేశాల్లో పుకార్లు లేచాయి. ఏమీ కాలేదు. ఈ నాలుగు వరసలకూ ఒక చక్రం ఉంది. 1582 నుంచి 1908 దాకా ఒక్కటీ రాలేదు. ఈ శతాబ్దంలో మాత్రం ఎనిమిది సార్లు వస్తాయి. తర్వాతది 2032-33లో. అప్పుడు మళ్ళీ మన ఫోన్లకు యుగాంతం మెసేజీలు వస్తాయి, చూడండి. ఈ పోస్టు దాచిపెట్టుకుని వాళ్ళకు పంపండి.

గ్రహణం నాడు ఎవరి నియమం వాళ్ళది. స్నానం చేసేవాళ్ళు చేస్తారు, పచ్చడి జాడీలో గరిక వేసేవాళ్ళు వేస్తారు. నేను కాదనను, మా ఇంట్లోనూ వేస్తారు. నేను చెప్పేది ఒక్కటే. గ్రహణం పేరు చెప్పి ఎవరైనా విత్తనం ఆపమన్నా, పంట తెగనమ్మమన్నా, శాంతికని డబ్బు గుంజినా నికియాస్‌ను గుర్తు తెచ్చుకోండి.

చివరగా మా నాయన చూసిన కుటుంబం జాతకం. అది పుట్టింది 1304లో. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు ఏలుతున్న కాలం. ప్రతి తిరుగుడుకూ పున్నమి లెక్కకూ రాహువు లెక్కకూ గంటకు కాస్త తక్కువ తేడా పడుతుంది గనుక, మొదట నీడ అంచు తాకి, మెల్లగా లోపలికి వచ్చి, 1845 నుంచి సంపూర్ణమైంది. 2097 తర్వాత మళ్ళీ అంచుకు జరుగుతూ 2566లో ముగిసిపోతుంది. మొత్తం 71 గ్రహణాలు, అందులో సంపూర్ణం 15. మనం చూసింది నలభై ఒకటోది.

అది మళ్ళీ మన రాత్రిలోకి వచ్చేది 2079 అక్టోబరు 10న. మా నాయన ఉండడు, నేనూ ఉండను. ఆ రాత్రి నా పక్కన నిద్రమత్తులో కూర్చున్న మా చిన్నది ఉంటుంది. అందుకే ఒక నోటు పుస్తకం కొన్నాను. మొదటి పేజీలో ఆ తేదీ రాశాను. రెండో పేజీ నుంచి వాన ఎప్పుడు పడింది, బోరులో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయి, మిర్చి ఎంతకు అమ్మాను, పత్తి ఎంతకు అమ్మాను అని రాస్తున్నాను. బాబిలోన్ వాళ్ళు మట్టి మీద రాసింది, మనం కాగితం మీద రాయలేమా?

ఇంకో మాట. వేరే కుటుంబానిదే అయినా, మన ఆకాశంలో బాగా కనపడే సంపూర్ణ చంద్రగ్రహణం 2028 డిసెంబరు 31 రాత్రి ఉంది. పదీ ఇరవై ప్రాంతంలో నడిమధ్యకు వస్తుంది. కొత్త సంవత్సరం కేకు కోసేముందు డాబా ఎక్కి చూడండి. పిల్లలకు చూపించండి, తేదీ రాసిపెట్టండి.

మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా 1971 జంధ్యాల పున్నమి రాత్రి గుర్తుంటే అడిగి రాయండి. వాళ్ళు ఉండగానే అడగండి.