జీపు బానెట్ ఎందుకంత ఎత్తు? ఇంజిన్ మార్పిడి అసలు కథ

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పాత ఇళ్ల దగ్గర ఇప్పటికీ అక్కడక్కడ ఒక జీపు కనబడుతుంది. రేకుల షెడ్డు కింద, మిర్చి టిక్కీల పక్కన, దుమ్ము కొట్టుకుపోయి ఉంటుంది. దాన్ని చూడగానే కుర్రాళ్లకు వచ్చే మొదటి ఆలోచన ఒకటే: దీంట్లో పెద్ద ఇంజిన్ పెడితే ఎలా ఉంటుంది? జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. రండి.

1940లో అమెరికా సైన్యానికి ఒక చిన్న బండి కావాల్సి వచ్చింది. తేలిగ్గా ఉండాలి, నాలుగు చక్రాలూ లాగాలి. విల్లీస్ కంపెనీ బండి నెగ్గింది. దాని బలం గో డెవిల్ అనే ఇంజిన్. 2.2 లీటర్లు, 60 హార్స్‌పవర్. యుద్ధం ముగిసేసరికి విల్లీస్, ఫోర్డ్ కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి.

ఆ తర్వాత విల్లీస్ వాళ్లు హరికేన్ అనే ఇంజిన్ తెచ్చారు. అదే 2.2 లీటర్లు, కానీ వాల్వుల అమరిక మార్చారు. పవర్ 70 దాటింది. చిక్కేమిటంటే, ఇంజిన్ ఎత్తు కూడా పెరిగింది, పాత బానెట్ కింద పట్టలేదు. దాంతో బానెట్‌నే పైకి లేపారు! 1953లో వచ్చిన ఆ బండే సీజే-3బీ. మహీంద్రా మన దేశంలో దశాబ్దాల పాటు తయారుచేసింది దీన్నే. అంటే మనం చూసే ఆ ఎత్తు బానెట్ ఒక ఇంజిన్ మార్పిడి గుర్తు అన్నమాట.

ఇప్పుడు మన నేలకి వద్దాం. చిలకలూరిపేట, పర్చూరు వైపు నల్లరేగడి మీకు తెలుసు కదా. వాన పడిందంటే మట్టి చక్రానికి ముద్దలా చుట్టుకుంటుంది. పత్తి చేల దారుల్లో మామూలు కారు కదలదు. అలాంటి చోట జీపు పనికొచ్చేది, కానీ పెట్రోలు బాగా తాగేది. 1973 చివర్లో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర దాదాపు నాలుగింతలైంది. జీపు ఇంటి ముందున్నా తాళం తిప్పాలంటే ఆలోచించాల్సిన రోజులు.

మన దేశంలో డీజిల్ పెట్రోలు కన్నా చవక. అందుకే అందరి చూపూ అటు మళ్లింది. మహీంద్రా తన బీ-275 ట్రాక్టర్ కుటుంబానికి చెందిన డీజిల్ ఇంజిన్‌నే జీపుకు పెట్టింది. 1980ల్లో ఎంఎం 540లో ప్యూజో 2.1 లీటర్ల డీజిల్ వచ్చింది. బయట మెకానిక్ షెడ్లలోనూ ఇదే పని నడిచింది. పెట్రోలు ఇంజిన్ దించి, మాటడోర్ వ్యాన్ ఇంజిన్ లాంటి సెకండ్ హ్యాండ్ డీజిల్ ఎక్కించేవారు. స్పీడు మోజుతో చేసింది కాదు, ఖర్చు తట్టుకోలేక చేసింది.

అయితే ఇంజిన్ దించి ఎక్కిస్తే పని అయిపోదు. డీజిల్ బరువెక్కువ, ముందు కమాను కట్టలు కుంగుతాయి. గేర్‌బాక్సుకు కలపడానికి అడాప్టర్ ప్లేట్ కావాలి. డీజిల్ తక్కువ ఆర్పీఎంలో తిరుగుతుంది కాబట్టి, పాత గేర్లే ఉంచితే టాప్ స్పీడు తగ్గుతుంది కూడా. ఇక మరీ బలమైన ఇంజిన్ పెట్టారనుకోండి, ఆ లాగుడంతా క్లచ్చు, జాయింట్లు, యాక్సిల్ మీద పడుతుంది. బ్రేకులు మాత్రం ఆ పాత డ్రమ్ములే. ఆలోచించండి, బండిని పరుగెత్తించడం ఒక ఎత్తు, ఆపడం ఇంకో ఎత్తు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. ఆర్సీలో ఒక ఇంజిన్, బానెట్ కింద ఇంకోటి ఉంటే, రేపు ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కే. అందుకే స్పానర్ పట్టుకునే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

మీ ఇంట్లో తాతగారి జీపు ఉంటే, ముందు ఆ బానెట్ ఎత్తి చూడండి. ఉన్నది పాత హరికేనా, డీజిలా? ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు? తాతగారినే అడగండి. ఇంజిన్ పెంచిన కంపెనీయే దానికి తగ్గట్టు బండిని మార్చుకుంది. మనం ఇంజిన్ ఒక్కటే మార్చి ఊరుకుంటే ఎలా?

మళ్లీ కలుద్దాం. ఉంటాను.