బందరు కోట పాత గోడలు – మన బట్ట చరిత్ర

మచిలీపట్నం వెళ్లినవాళ్లు మంగినపూడి తీరంలో స్నానం చేస్తారు, చిలకలపూడి పాండురంగడి దర్శనం చేసుకుంటారు, బందరు లడ్డు కట్టించుకుని తిరుగు బస్సెక్కుతారు. ఊరి శివార్లలో సముద్రం వైపున్న బందరు కోట దాకా వెళ్లేవాళ్లు బహు కొద్దిమంది. అక్కడ పిచ్చిచెట్ల మధ్య మందపాటి ఇటుక గోడల పాత కట్టడాలు కొన్ని మిగిలి ఉన్నాయి. ఇవేమిటని అడిగితే "డచ్చివాళ్ల కోటండీ" అంటారు.

ఆ జవాబు తప్పని కాదు గానీ సగమే. డచ్చివాళ్లు అంత దూరం నుంచి ఓడలేసుకుని ఎందుకొచ్చారు అన్నది మిగతా సగం. వాళ్లొచ్చింది బట్ట కోసం. ఆ బట్ట నేసింది మన పూర్వీకులు. అందుకే సమాఖ్య వార్షికోత్సవ సంచికలో ఈ పాత గోడల గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

మచిలీపట్నం గోలకొండ కుతుబ్‌షాహీల రాజ్యానికి ముఖ్యమైన రేవు. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. నాలుగేళ్లు తిరగకుండానే బందరులో వర్తకం పెట్టింది. 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఇంగ్లీషువాళ్లు దిగారు. 1669లో ఫ్రెంచివాళ్లూ వచ్చి చేరారు. ఆ మూడు జాతుల గుర్తులు ఊళ్లో పేటల పేర్లుగా నేటికీ ఉన్నాయి: వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట. వలందులంటే హాలండువాళ్లు, పరాసులంటే ఫ్రెంచివాళ్లు. మన జనం నాలుకల మీద పడి ఆ పేర్లు అలా తిరిగాయి.

ఈ వర్తకం తిరిగిన తీరు తెలుసుకోవాలి. డచ్చివాళ్లకు అసలు కావలసింది జావా, మలుకు దీవుల్లోని మిరియాలు, జాజికాయ, లవంగం. ఆ దీవుల జనానికి మాత్రం కోరమండల్ తీరపు నూలు గుడ్డలంటే మోజు. అందుకని ఇక్కడ బట్ట కొని, అక్కడ దాన్ని ఇచ్చి, సుగంధ ద్రవ్యాలు తీసుకుని యూరప్ తీసుకెళ్లేవారు. అంటే ఆమ్‌స్టర్‌డాం వంటింట్లో జాజికాయ పడాలంటే ముందు కృష్ణా, గోదావరి డెల్టాల్లో మగ్గం ఆడాలి.

రేవుల్లో కంపెనీలవాళ్లు పెట్టుకున్న స్థావరాన్ని 'ఫ్యాక్టరీ' అనేవారు. పేరు చూసి యంత్రాలుంటాయనుకోకూడదు. ఫ్యాక్టర్ అంటే కంపెనీ వర్తక ఉద్యోగి. అతను ఉండే ఇల్లే ఫ్యాక్టరీ. ఒక పక్క కాపురం, ఒక పక్క లెక్కల గది, ఒక పక్క గిడ్డంగి. వర్తకం పెరిగేకొద్దీ ఆ ఇళ్లకు కాపలా కావలసి వచ్చింది. తర్వాత కోట గోడలు, సైనికులు, ఫిరంగులు వచ్చి చేరాయి. 1750లో ఫ్రెంచివాళ్లు బందరును చేజిక్కించుకున్నారు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ సేనలు రాత్రివేళ దాడి చేసి కోటను ఇంగ్లీషువాళ్ల పరం చేశాయి. కోస్తా జిల్లాలు ఇంగ్లీషువాళ్ల చేతికి పోవడానికి ఆ రాత్రి ఒక పెద్ద మలుపు.

అలాంటి వర్తకపు ఇంట్లోకి మన బట్ట ఎలా చేరేదో చూడండి. నేతగాడికి ముందుగా బయానా ఇచ్చేవారు. నూలు కొనుక్కోవడానికీ, ఇల్లు గడవడానికీ అది కావాలి కదా. ఇంత పొడవు, ఇంత పన్నా, ఇన్ని పుంజాలు అని ముందే ఒప్పందం. పుంజం మనవాళ్లకు చెప్పక్కర్లేదు, పడుగు దారాల లెక్క. ఆ తెలుగు మాటే ఇంగ్లీషువాళ్ల లెక్కల పుస్తకాల్లోకి ఎక్కింది. పుంజాలు పెరిగేకొద్దీ గుడ్డ సన్నదనం, ధర పెరిగేవి. ఒక తాను వెనక ఇల్లంతా పనిచేసేది. ఆడవాళ్లు, పిల్లలు కండెలు చుట్టడం, ఆసు పోయడం, గంజి పెట్టడం చూసుకునేవారు. గుంటలో కాళ్లు పెట్టుకుని మగ్గం మీద కూర్చున్న ఒక్కడి పని కాదది.

తెచ్చిన తాన్లను గిడ్డంగిలో మచ్చు గుడ్డతో పోల్చి చూసేవారు. కొలిచి, రకాలుగా విడదీసేవారు. మచ్చుకు తగ్గిందంటే ధర కోసేవారు, లేదంటే తిప్పి పంపేవారు. తీసుకున్న గుడ్డను చలువ చేయించి, మడతపెట్టి, మూటలు కట్టేవారు. అద్దకపు గుడ్డలదీ ఇదే దారి. చిరివేరు వేసి తెచ్చిన ఎరుపు బందరు తీరపు అద్దకానికి ప్రాణం. బందరు దగ్గర సముద్రం లోతు తక్కువ. ఓడలు దూరంగా లంగరు వేసి నిలబడితే మూటలు పడవల మీద వెళ్లేవి.

ఇదంతా గొప్పగా చెప్పుకోవడానికి బావుంటుంది. కానీ పూర్తిగా చెబితేనే చరిత్ర. బయానా తీసుకున్నవాడికి అది ఆసరా, సంకెల కూడా. పద్దెనిమిదో శతాబ్దం చివరికి ఇంగ్లీషు కంపెనీ పట్టు బిగిసింది. కంపెనీ బాకీ తీరేదాకా బయటివాళ్లకు నేయకూడదన్నారు. పని జరిపించడానికి మగ్గాల దగ్గర బంట్రోతులను కూర్చోబెట్టేవారు. మనవాళ్లు ఊరికే పడి ఉండలేదు. ఊరూ ఊరూ కలిసి పని ఆపారు, అధికారులకు అర్జీలు పెట్టుకున్నారు. ఈనాడు మనం సంఘం, సమాఖ్య అంటున్నామంటే దాని వేళ్లు అక్కడున్నాయి.

అటు యూరప్‌లో మన బట్ట ఎంత అమ్ముడుపోయిందంటే అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో అద్దకపు గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం చేసింది. తర్వాత మరమగ్గాలు వచ్చి పరిస్థితిని తలకిందులు చేశాయి. దీనికి ఒక్క ఊరి కథ చాలు. నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో ఇంగ్లీషు కంపెనీ వర్తక స్థావరం 1833 దాకా నడిచింది. అక్కడి తెల్లగుడ్డకు ఊరి పేరు మీదే 'మడపొల్లం' అని పేరు పడింది. తర్వాత ఏమైంది? అదే పేరుతో ఇంగ్లండు మిల్లులు గుడ్డ నేసి మన దేశానికే ఎగుమతి చేశాయి. పేరు మనది, డబ్బు వాళ్లది. మన గడపలో పుట్టిన పేరు పరాయి సరుకై తిరిగి మన గడపకే వచ్చింది.

బందరుకు ఆఖరి దెబ్బ ప్రకృతి కొట్టింది. 1864 నవంబరు 1 రాత్రి తుఫానుకు సముద్రం ఊరి మీదికి వచ్చింది. ఊళ్లోనూ చుట్టుపక్కలా సుమారు 30 వేల మంది పోయారని లెక్క. ఆ తర్వాత రేవు మునుపటిలా కోలుకోలేదు. బందరు కోటలో ఈరోజు కనిపించే గోడలు ఆ ఉప్పెనను కూడా చూసి నిలిచిన గోడలు.

మరి ఈ గోడలను కాపాడుకోవడం ఎందుకు? పరాయివాళ్ల కోట మనకెందుకు అనేవాళ్లూ ఉంటారు. నా మటుకు నాకు తోచే జవాబు ఇది. గుడ్డ నిలవదు. మన పూర్వీకులు నేసిన లక్షల తాన్లు చిరిగి, మసై పోయాయి. నేసినవాళ్లుండే పూరిళ్లు, మట్టి గోడలు వానలకు కరిగిపోయాయి. వాళ్ల పేర్లు ఏ శిలాశాసనం మీదా లేవు. బందరులో డచ్చివాళ్ల సమాధుల మీద చెక్కిన పేర్లను ఇప్పటికీ చదువుకోవచ్చు. వాళ్లకు బట్ట నేసి ఇచ్చినవాడి పేరు ఎక్కడని చదువుతాం? ఆ బట్ట వల్ల లేచిన గోడలే అతనికి మిగిలిన సాక్ష్యం. సాక్షిని పోగొట్టుకుంటే రేపు మన పిల్లలకు ఏం చూపించి చెబుతాం?

ఇప్పుడు ఆలోచించాల్సిన సమయం కూడా వచ్చింది. బందరుకు కొత్త ఓడరేవు కడుతున్నారు. రేవు రావాలి, పనులు రావాలి, అందులో రెండో మాట లేదు. కానీ రోడ్లు, గిడ్డంగులు, ప్లాట్లు వచ్చేచోట పాత ఇటుక గోడకు విలువ కట్టేవాడు ఉండడు, మనం అడిగితే తప్ప. అక్కడ బతికున్న చరిత్ర కూడా ఉంది. బందరుకు కూతవేటు దూరంలోని పెడనలో కలంకారీ అద్దకం ఇప్పటికీ నడుస్తోంది. కోట గోడలు, వలందపాలెం, డచ్చి సమాధులు, పెడన అద్దకం, మగ్గాలు, ఇవన్నీ ఒకే దారం మీద గుచ్చి చూపిస్తే వచ్చినవాళ్లకు బట్ట కథ మొత్తం అర్థమవుతుంది. పెడన పనివాడికి నాలుగు రూపాయలూ వస్తాయి.

బెంగళూరులో ఉన్న మనం దీనికి ఏం చేయగలం? మూడు పనులు చేయొచ్చు. ఒకటి, కోట దగ్గర తెలుగులో ఒక పలక పెట్టించమనీ, అందులో నేతగాళ్ల మాట ఉండాలనీ పురావస్తు శాఖకు సమాఖ్య తరఫున అర్జీ పెట్టడం. అర్జీ పెట్టడం మనకు కొత్త కాదు కదా! రెండు, ఈసారి ఊరికి వెళ్లినప్పుడు పిల్లలను అక్కడికి తీసుకెళ్లడం. మూడు, మన ఇళ్లలో ఉన్నది దాచుకోవడం. అటక మీద పాత అచ్చు పన్నె, నాడె, తాతగారి లెక్కల పుస్తకం ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. ఫొటో తీసి, ఏ ఊరిది, ఎవరిది అని రాసి పెట్టండి.

బందరు దాకా ఎందుకు, మన కబ్బన్‌పేట, నగర్తపేట సందుల్లోనూ ఒకప్పుడు మగ్గాలాడిన పాత ఇళ్లున్నాయి. అవి ఒక్కొక్కటే పడిపోయి షాపులు లేస్తున్నాయి. యజమానుల అవసరాలు వాళ్లవి, తప్పుపట్టలేం. కనీసం పడగొట్టే ముందు ఆ మగ్గం గుంటకొక ఫొటో తీసుకుందాం. ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఇక్కడ ఎవరు నేసేవారని అడుగుదాం. బందరులో అడిగి రాసుకున్నవాళ్లు లేకనే అది "డచ్చివాళ్ల కోట"గా మిగిలిపోయింది. మన వీధుల విషయంలో ఆ పొరపాటు జరగనివ్వొద్దు.